సినిమా పేరు పెట్టుకున్న నది

థాయ్‌లాండ్ పడమటి అంచున, బర్మా కొండలను ఆనుకుని ఉంటుంది కాంచనబురి. సైన్యాలు, ఖైదీలు, కూలీలు, కాందిశీకులు... ఎవరొచ్చినా అక్కడి ఒకే లోయ వెంట నడిచారు. ఆ నడిచిన వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

రైలు కూత వినపడగానే వంతెన మీది జనమంతా పక్కనున్న చిన్న ఇనుప అరుగుల మీదికి జరుగుతారు. మనిషి నడిచినంత నెమ్మదిగా రైలు వస్తుంది. కిటికీల్లోంచి చేతులు, చేతుల్లో ఫోన్లు. అరుగుల మీది వాళ్లు రైలును ఫొటో తీస్తుంటే, రైల్లోని వాళ్లు అరుగుల మీది వాళ్లను తీస్తుంటారు. చివరి పెట్టె దాటీదాటగానే జనం మళ్లీ పట్టాల మధ్యకి దిగిపోతారు. కాంచనబురి పట్నం శివార్లలో ప్రతిరోజూ నడిచే తంతు ఇది.

కాసేపు ఒడ్డున నిలబడి చూస్తే వంతెనలో ఒక అతుకు కనిపిస్తుంది. విల్లులా వంగిన కమానుల వరసలో, నడిమధ్యన రెండు మాత్రం వంపు లేకుండా మొరటుగా, కోసుగా ఉంటాయి. వంపు కమానులు రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం జావా నుంచి విప్పి తెచ్చినవి. 1945లో మిత్రపక్షాల విమానాలు బాంబులేసి కొన్నిటిని కూల్చేస్తే, యుద్ధం అయ్యాక జపాన్ పరిహారంగా ఇచ్చినవి ఆ కోసు కమానులు. కూల్చినవాళ్లు ఒకరు, అతుకు వేసినవాళ్లు మరొకరు.

ప్రపంచానికి ఇది ‘క్వాయ్ నది మీద వంతెన’. చిక్కంతా ఆ పేరుతోనే.

థాయ్ భాషలో ‘ఖ్వే’ అంటే పాయ, ఉపనది. ‘ఖ్వాయ్’ అంటే గేదె. ఫ్రెంచి రచయిత పియరె బూల్ ఈ వంతెన మీద నవల రాసింది 1952లో. రైలు దారి చాలా దూరం ఖ్వే నోయ్ అనే నది ఒడ్డునే సాగుతుందని తెలుసు కాబట్టి వంతెన కూడా దాని మీదే ఉంటుందని ఆయన అనుకున్నారు. నిజానికి వంతెన ఉన్నది అప్పట్లో మే క్లాంగ్ అని పిలిచే నది మీద. 1957లో డేవిడ్ లీన్ దాన్ని సినిమాగా తీశారు, శ్రీలంకలోని కితుల్‌గలలో. ఏడు ఆస్కార్లు వచ్చాయి. ఇక చూడండి, సినిమా చూసినవాళ్లంతా ఆ నదిని వెతుక్కుంటూ కాంచనబురి రావడం మొదలుపెట్టారు. వంతెన ఉంది, దాని కింద ‘క్వాయ్’ లేదు. 1960 ప్రాంతంలో థాయ్ ప్రభుత్వం తేలికైన దారి చూసుకుంది. వంతెన కింద పారే నది పేరును ఖ్వే యాయ్, అంటే పెద్ద పాయ అని మార్చేసింది. ఊళ్లను సినిమా సెట్లుగా మార్చడం మనకు తెలుసు. సినిమా కోసం నది పేరే మారడం మరెక్కడా వినలేదు.

పేర్లు పెట్టడం, పేర్లు మరిచిపోవడం ఈ జిల్లా చరిత్రలో పదేపదే ఎదురవుతాయి.

రెండు పాయలు, ఒక కనుమ

కాంచనబురి అన్న మాట తెలుగువాడికి పరాయిగా అనిపించదు. కాంచనం, పురి. బంగారు ఊరు. థాయ్ నాలుక మీద పురి కాస్తా బురి అయింది. ఇలాంటి చుట్టరికాలు జిల్లా అంతటా తగులుతాయి. ఏడు అంతస్తులుగా దూకే జలపాతం పేరు ఎరవాన్. మన ఐరావతమే. పై అంతస్తులో బండల మీంచి నీళ్లు జారే తీరు మూడు తలల ఏనుగులా ఉంటుందని ఆ పేరు. నది ఒడ్డున రాతి కోట ఉన్న ముఆంగ్ సింగ్ సింహపురి. ఖ్వే నోయ్ మీది డ్యాముకు పెట్టిన వజిరాలంకోర్న్ అన్న పేరులో వజ్రమూ ఉంది, అలంకారమూ ఉంది.

థాయ్‌లాండ్‌లో 76 ప్రావిన్సులున్నాయి. వాళ్ల మాటలో చాంగ్వత్. పరిపాలన పరంగా మన జిల్లా లాంటిది. విస్తీర్ణంలో కాంచనబురిది దేశంలో మూడో స్థానం, 19,483 చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి అనంతపురం జిల్లా 19,130. అంటే అనంతపురం మీద పిసరంత ఎక్కువ. జనం మాత్రం తొమ్మిది లక్షలకు అటూఇటూ. అనంతపురంలో 2011 లెక్కలకే 40 లక్షలు దాటారు. మిగతా చోటంతా అక్కడ కొండలది, అడవిది.

బ్యాంకాక్ నుంచి పడమరకు 130 కిలోమీటర్లు వస్తే జిల్లా కేంద్రం. తూర్పు భాగం చదునైన నేల. చెరకు తోటలు, తా మాకా వైపు చక్కెర మిల్లులు. ఉత్తరాన బో ఫ్లోయ్ దగ్గర నీలాలు తవ్వేవారు. పడమరకు వెళ్లేకొద్దీ సున్నపురాయి కొండలు గోడల్లా లేస్తాయి. తెనాసెరిమ్ పర్వత శ్రేణి ఇది. గుహలు, వెదురు పొదలు, జలపాతాలు. ఆ శిఖరాల వెంట దాదాపు 370 కిలోమీటర్ల మేర మయన్మార్ సరిహద్దు.

ఈ గోడను చీలుస్తూ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి రెండు లోయలున్నాయి. ఒకదాంట్లో ఖ్వే యాయ్, రెండోదాంట్లో ఖ్వే నోయ్. నోయ్ అంటే చిన్న. రెండూ పట్నం దగ్గర పాక్ ఫ్రేక్ అనే చోట కలిసి మే క్లాంగ్‌గా సముద్రానికి పోతాయి. చిన్న పాయ వెంట ఎగువకు నడుస్తూ పోతే గోడలో ఒక సందు దొరుకుతుంది. ఎత్తు 300 మీటర్ల లోపే. దాని పేరు మూడు గోపురాల కనుమ, థాయ్‌లో దాన్ చేది సామ్ ఓంగ్. చేది మన చైత్యమే. పేరు విని పెద్ద కట్టడాలు ఊహించుకున్నవాళ్లు నిరాశపడతారు. మనిషికి మూడు నాలుగింతలు మించని మూడు సున్నం కొట్టిన చిన్న స్తూపాలు, చుట్టూ బజారు. అవతల బర్మా వైపు ఊరు ఫయాతోంజు. ఆ మాటకూ మూడు గోపురాలనే అర్థం.

చరిత్రలో బర్మా నుంచి సయాం మైదానాల్లోకి దిగాలంటే పెద్ద వాకిలి ఇదే. వాకిలి ఉన్న ఇంటికి చుట్టాలూ వస్తారు, దొంగలూ వస్తారు.

ఆకలి గెలిచిన యుద్ధం

1548లో బర్మా రాజు తబిన్‌ష్వేతీ ఈ కనుమ దాటి అప్పటి సయాం రాజధాని అయుత్తయ మీదికి వచ్చాడు. ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా ఈ లోయలో ఏనుగులు, ఎడ్ల బళ్లు, బల్లేలు పట్టిన సైనికులు అటూఇటూ నడుస్తూనే ఉన్నారు. 1767లో అయుత్తయ బర్మా చేతుల్లో బూడిదైంది. కొన్నేళ్లకు రాజధాని బ్యాంకాక్‌కు మారింది. కొత్త రాజ్యం కుదురుకోకముందే, 1785లో బర్మా రాజు బొదవ్‌పాయా తొమ్మిది సేనలతో విరుచుకుపడ్డాడు. థాయ్ చరిత్రలో దాని పేరే తొమ్మిది సేనల యుద్ధం. ప్రధాన బలగం మూడు గోపురాల కనుమ గుండా దిగింది.

అప్పటి కాంచనబురి ఇప్పుడున్న చోట లేదు. కాస్త ఎగువన, కొండలు ముగిసి నేల విచ్చుకునే లాత్ యా మైదానం దగ్గర ఉండేది. సయాం రాజు మొదటి రాముడి తమ్ముడు మహా సురసింహనాత్ అక్కడ తక్కువ మందితో కాపు కాశాడు. కొండ దారిలోంచి బయటపడే శత్రువును మైదానంలో బారులు తీరనివ్వకుండా సందు మొగలోనే ఆపడం ఆయన ఎత్తు. అక్కడి బళ్లలో చెప్పే కథ ఒకటుంది. రాత్రిపూట తన సైనికుల్ని చప్పుడు కాకుండా వెనక్కి పంపి, తెల్లారాక జెండాలతో, దుమ్ము రేపుకుంటూ మళ్లీ రప్పించేవాడట. ఎదుటివాళ్లు రోజూ కొత్త దండు దిగుతోందని బెదిరిపోయారట.

ఎత్తుగడలు ఎలా ఉన్నా బర్మా సేనను విరిచింది ఆకలి. అంత మందికి తిండి కొండ దారిలో, మనుషుల వీపుల మీద, ఎద్దుల మీద రావాలి. సురసింహనాత్ చిన్న చిన్న గుంపుల్ని వెనక్కి పంపి ఆ బియ్యం బళ్లను మధ్యలోనే కొట్టించాడు. లాత్ యాలో బర్మా సేన తిండికి మాడి వెనుదిరిగింది. మరుసటి ఏడాది మళ్లీ వచ్చి, ఇదే లోయలో తా దిన్ డేంగ్ దగ్గర మళ్లీ ఓడింది.

ఈ లోయలోకి మనుషుల్ని దింపడం తేలిక. దింపినవాళ్లకు అన్నం పెట్టడమే కష్టం. 1785లో నేర్పిన ఈ పాఠాన్ని లోయ 1943లో మరింత క్రూరంగా మళ్లీ చెప్పింది.

మధ్యలో కొన్నాళ్లు ఊపిరి పీల్చుకుంది. మొదటి ఆంగ్లో-బర్మా యుద్ధం ముగిశాక, 1826 యాందబో సంధితో తెనాసెరిమ్ తీరం ఇంగ్లిష్‌వాళ్ల పరమైంది. ఆ యుద్ధానికి రంగూన్‌లో దిగిన సేనలో మద్రాసు పటాలాలదే పెద్ద వంతు. వాటిలో తెలుగు సిపాయిలు ఉండేవారు. కనుమ అవతల ఇక బర్మా రాజు లేడు. దండయాత్రలు ఆగిపోవడంతో, మూడో రాముడి కాలంలో కాంచనబురి కొండ మొదట్లోంచి కిందికి, రెండు పాయలు కలిసే పాక్ ఫ్రేక్‌కు మారింది. 1831లో కట్టిన కోట గోడ, గుమ్మం ఇప్పటికీ అక్కడున్నాయి. కాపలా ఊరు కాస్తా బజారు ఊరైంది.

రాయిలో ఇరుక్కున్న ఉక్కు ఊచ

1942 జూన్‌లో మిడ్వే దగ్గర జపాన్ నౌకాదళం దెబ్బతింది. బర్మాలో ఉన్న తన సైన్యానికి సరుకులు పంపాలంటే సింగపూర్ చుట్టి, మలక్కా జలసంధి దాటి ఓడలు వెళ్లాలి. దారంతా జలాంతర్గాముల భయం. భూమార్గం వెతికితే కనిపించింది అదే పాత లోయ, అదే కనుమ. అక్కడ రైలు వేయాలన్న ఆలోచన ఇంగ్లిష్‌వాళ్లకు 19వ శతాబ్దంలోనే వచ్చింది. కొండలు, జ్వరాలు, వానలు చూసి వదిలేశారు. జపాన్ ఇంజినీర్లు మామూలుగా అయితే ఐదేళ్ల పని అన్నారట. ఏడాదిన్నర లోపే పూర్తి చేయించారు.

థాయ్ వైపు నోంగ్ ప్లాదుక్ నుంచి బర్మాలోని థాన్‌బ్యూజయట్ దాకా 415 కిలోమీటర్లు. మీటర్ గేజి. రెండు కొసల నుంచీ పని మొదలైంది. 1943 అక్టోబర్ 17న కాంచనబురి జిల్లా ఎగువన, కొన్‌కోయ్‌తా దగ్గర పట్టాలు కలిశాయి. పనిలో పెట్టిన బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్, అమెరికా యుద్ధఖైదీలు 60 వేల పైచిలుకు. వాళ్లలో 12 వేల మందికి పైగా చనిపోయారు.

పట్నం నుంచి ఎగువకు 80 కిలోమీటర్లు పోతే కొన్యు కొండలో ఒక కోత ఉంది. ఖైదీలు పెట్టిన పేరు ‘హెల్‌ఫైర్ పాస్’, నరకాగ్ని కనుమ. రాత్రింబవళ్లు పని జరిగేది. వెదురు దివిటీల వెలుగులో ఎముకల గూళ్ల లాంటి మనుషులు రాళ్లు మోస్తుంటే పైనుంచి చూసినవాళ్లకు నరకంలా కనిపించిందట. ఇప్పుడక్కడ పట్టాలు లేవు. రెండు పక్కలా 25 మీటర్ల దాకా లేచిన రాతి గోడలు, మధ్యలో కంకర. నడిచేటప్పుడు బూటు కింద కంకర నలిగే చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

గోడను దగ్గర్నుంచి చూస్తే నిలువునా సగం గొట్టాల్లాంటి గాడులు కనిపిస్తాయి. తూటాల కోసం వేసిన బెజ్జాలవి. ఒకరు ఉక్కు ఊచను రాయి మీద నిలబెట్టి పట్టుకోవాలి. ఇంకొకరు సమ్మెటతో కొట్టాలి. దెబ్బ దెబ్బకీ ఊచను కాస్త తిప్పాలి, లేకపోతే ఇరుక్కుపోతుంది. మన రాతి క్వారీల్లో పనిచేసిన పాత వాళ్లకు ఈ పని తెలిసిందే. ఖైదీలకు మొదట్లో రోజుకు మీటరు బెజ్జం అన్నారు. తర్వాత రెండన్నారు, మూడన్నారు. ఒకచోట విరిగిన ఊచ ముక్క ఈరోజుకీ రాయిలోనే ఉండిపోయింది. మ్యూజియంలో ఎన్ని ఫొటోలు చూసినా రానిది, తుప్పు పట్టిన ఆ ముక్క మీద వేలు పెట్టినప్పుడు వస్తుంది. సమ్మెట వేసినవాడికి గురి తప్పితే ఊచ పట్టుకున్నవాడి చెయ్యి ఏమై ఉంటుంది అన్న ఆలోచన.

1943 మే నెలలో వానలు దిగాయి. నది పొంగి పడవలు ఆగాయి. బండి దారి బురదై బియ్యం ఆగింది. అదే సమయంలో పని వేగం పెంచమని పై నుంచి ఒత్తిడి. వెంటనే కలరా వచ్చింది. సింగపూర్ నుంచి వచ్చిన ‘ఎఫ్ ఫోర్స్’ అనే దళంలో 7,000 మంది ఉంటే, మూడు వేల మందికి పైగా తిరిగి వెళ్లలేదు.

ఆ చీకట్లో వెలిగిన దీపాలూ ఉన్నాయి. పాక్ ఫ్రేక్ బజారులో కొట్టు నడిపే బూన్‌పాంగ్ సిరివేజ్జఫాన్ అనే వ్యాపారి క్యాంపులకు సరుకులు వేసే కాంట్రాక్టు తీసుకుని, ఆ సరుకుల చాటున మందులు, డబ్బు లోపలికి చేరవేశాడు. దొరికితే ప్రాణం పోయేదే. ఆయన ఇల్లు ఆ పాత వీధిలో ఇప్పటికీ ఉంది.

మలయా కూలీలు, మన పేర్లు

పట్నం రైల్వే స్టేషనుకు దగ్గర్లోనే యుద్ధ శ్మశానం. కత్తిరించిన పచ్చిక, వరసలు తప్పని రాతి దిమ్మెలు, 6,982 మంది ఖైదీలు. దిమ్మె మీద పేరు, హోదా, పటాలం, వయసు, కింద ఇంటివాళ్లు రాయించిన ఒక వాక్యం. 22, 24, 27 అంటూ వయసులు చదువుకుంటూ పోతుంటే గొంతు పట్టేస్తుంది.

ఈ శ్మశానంలో సగం కథే ఉంది. సగం కూడా కాదు. ఆ రైలు దారి మీద పనిచేసిన ఆసియా కూలీలు రెండు లక్షల పైచిలుకు ఉంటారని, వాళ్లలో చనిపోయినవాళ్లు 90 వేల దాకా ఉంటారని అంచనా. బర్మావాళ్లు, జావావాళ్లు, మలేలు, చైనావాళ్లు, మలయా రబ్బరు తోటల నుంచి వచ్చిన భారతీయులు.

ఆ తోటల్లో తమిళులు ఎక్కువ. వాళ్ల పక్కనే విశాఖ, గోదావరి జిల్లాల నుంచి 19వ శతాబ్దం చివరి నుంచీ ఓడలెక్కి వెళ్లిన తెలుగు కుటుంబాలు. పెరాక్, కెడా, జొహోర్ తోటల్లో రబ్బరు పాలు తీసి, కొబ్బరి దింపి బతికినవాళ్లు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ వశమయ్యాక రబ్బరు కొనేవాడు లేడు. తోటలు మూతపడ్డాయి. కూలి లేదు, బియ్యం లేదు. సరిగ్గా అప్పుడే సయాంలో పని, రోజుకు డాలరు, మూడు నెలల్లో తిరిగి రావచ్చు అన్న ప్రచారం మొదలైంది. మొదట కొందరు తమంతట తామే వెళ్లారు. వెళ్లినవాళ్ల కబురు లేకపోయేసరికి తర్వాత ఎవరూ కదల్లేదు. అప్పుడు పట్టుకెళ్లడం మొదలైంది. కొన్నిచోట్ల ఉచితంగా సినిమా అని పిలిచి, జనం నిండాక తలుపులు వేసి, అక్కడి నుంచే రైలెక్కించారని బతికి వచ్చినవాళ్లు చెప్పారు.

సరుకుల పెట్టెల్లో నాలుగైదు రోజుల ప్రయాణం, ఆపైన లోయలో వందల కిలోమీటర్ల నడక. ఖైదీలకు తమ అధికారులున్నారు, తమ డాక్టర్లున్నారు. దాచి దాచి డైరీలు రాసినవాళ్లున్నారు. రేపు ఇంటికి చెప్పడానికి ఎవరు, ఎప్పుడు, దేనితో పోయారన్న లెక్క ఉంది. కూలీలకు ఇవేవీ లేవు. కలరా వస్తే పాకను, పాకలోని శవాలను కలిపి తగలబెట్టడమే. రికార్డుల్లో, ఖైదీల జ్ఞాపకాల్లో మలయా నుంచి వచ్చిన భారతీయులందరికీ కలిపి ఒకటే పేరు, ‘తమిళులు’. చనిపోయిన తెలుగు కూలీ ఆ మాట కింద రెండోసారి కనిపించకుండా పోయాడు.

పనిచేయించిన జపాన్ సైన్యమే 1944లో వంతెనకు దగ్గర్లో ఒక స్మారకం కట్టింది. దాని గోడ పలకల మీద ఉన్న భాషల్లో తమిళం ఒకటి. 1990లో పట్నంలోని ఒక చెరకు తోటలో తవ్వుతుంటే వందల అస్థిపంజరాలు ఒకే గోతిలో బయటపడ్డాయి. కూలీలవేనని భావించారు. పట్నంలోని వియత్నాం బౌద్ధుల ఆలయం వాట్ థావోర్న్ ఆవరణలో పేరు తెలియని వేలమంది కూలీల అస్థికలు ఒక స్తూపం కింద ఉన్నాయి. అక్కడే 2023లో మలేసియా తమిళుల చొరవతో ఒక నడుకల్ నిలిపారు. మన మాటలో వీరగల్లు.

నవల రాసిన పియరె బూల్ యుద్ధానికి ముందు పనిచేసింది మలయా రబ్బరు తోటల్లోనే. ఆ కూలీలను రోజూ చూసినవాడే. అయినా ఆయన వంతెన కథలో వాళ్లకు చోటు దొరకలేదు.

ఖైదీ ఏరిన రాళ్లు

రైలు దారి ఈ లోయ నుంచి తీసుకున్నది చాలా ఉంది. అనుకోకుండా బయటపెట్టింది కూడా ఒకటుంది. డచ్ ఖైదీల్లో వాన్ హీకరెన్ అనే పురావస్తు పరిశోధకుడున్నారు. బాన్ కావ్ దగ్గర మట్టి తవ్వుతుంటే ఆయన చేతికి రాతి పనిముట్లు తగిలాయి. కడుపులో ఆకలి, నెత్తిన కాపలావాడు. అయినా కళ్లు పాత అలవాటు మానలేదు. ఆ రాళ్లను దాచుకుని బయటపడ్డారు. 1960లో థాయ్, డెన్మార్క్ పరిశోధకులు కలిసి అక్కడ తవ్వితే దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందటి ఊరు, సమాధులు, మూడు కాళ్ల మట్టి కుండలు బయటపడ్డాయి. థాయ్‌లాండ్ నవీన శిలాయుగం గురించిన పాఠాల్లో బాన్ కావ్ లేకుండా ఉండదు.

జిల్లా తూర్పున, మే క్లాంగ్ ఒడ్డున పోంగ్ తూక్ దగ్గర 1927లో ఒక కంచు దీపం దొరికింది. మధ్యధరా తీరంలో చేసింది. అక్కడే దొరికిన చిన్న బుద్ధుడి కంచు బొమ్మను చూసి ఫ్రెంచి పండితుడు జార్జ్ సెదెస్ అమరావతి శైలి అనుకున్నారు. తర్వాతి పరిశోధకులు అంత పాతది కాదన్నారు. కృష్ణాతీరం పేరు మాత్రం కొన్నేళ్లపాటు ఈ నది ఒడ్డున నిలిచింది. ఇక ముఆంగ్ సింగ్ ఏడో జయవర్మ కాలపు ఖ్మేర్ పోకడ. ఎర్రటి చిట్రాతి గోడలు, మధ్యలో అవలోకితేశ్వరుడు, కింద ఖ్వే నోయ్. అంకోర్ సామ్రాజ్యపు పడమటి కొసన నిలిచిన కట్టడం.

తుమ్మెదంత గబ్బిలం, పడిపోయిన హెలికాప్టర్

సాయ్ యోక్ సున్నపురాయి గుహల్లో ఒక గబ్బిలం ఉంది. బరువు రెండు గ్రాములు, పొడవు మూడు సెంటీమీటర్లు. తుమ్మెద గబ్బిలం అంటారు. ప్రపంచంలోని అతి చిన్న క్షీరదాల్లో ఒకటి. దీన్ని గుర్తించిన థాయ్ శాస్త్రవేత్త కిత్తి థోంగ్‌లోంగ్యా 1974లో చనిపోయారు. దాన్ని లోకానికి పరిచయం చేస్తూ ఇంగ్లిష్ సహచరుడు ఆయన పేరే పెట్టారు.

ఉత్తరాన థుంగ్ యాయ్ నరేసువాన్ అడవులు. పులులు, ఏనుగులు, అడవి దున్నలు, లోపల తరతరాలుగా కరెన్ తెగవాళ్ల ఊళ్లు. 1973 ఏప్రిల్ 29న ఒక సైనిక హెలికాప్టర్ నఖోన్ పథోమ్ దగ్గర కూలింది. శకలాల్లో అడవి జంతువుల మాంసం. పెద్ద అధికారులు సర్కారు హెలికాప్టర్లలో వేటకు వెళ్లి వస్తున్నారని బయటపడింది. ప్రభుత్వం బుకాయించింది, విద్యార్థులు వదల్లేదు. ఆ కోపం కూడా తోడై అదే అక్టోబర్‌లో బ్యాంకాక్ వీధులు నిండాయి, సైనిక పాలకుడు థానోమ్ దేశం వదిలి పోయాడు. మరుసటి ఏడాది థుంగ్ యాయ్ అభయారణ్యమైంది. అక్కడ తలపెట్టిన నామ్ చోన్ డ్యాంను జనం వ్యతిరేకించడంతో 1988లో పక్కన పెట్టారు. 1991లో ఆ అడవిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నీళ్ల కింద గుడి

నామ్ చోన్ డ్యాం ఆగింది కానీ అంతకుముందే రెండు కట్టేశారు. ఖ్వే యాయ్ మీద 1980లో పూర్తయిన శ్రీనగరింద్ డ్యాం ఎత్తు 140 మీటర్లు. మన లెక్కలో 626 టీఎంసీలు పడుతుంది. ఖ్వే నోయ్ మీద 1980ల మధ్యలో వచ్చిన వజిరాలంకోర్న్‌లో 312 టీఎంసీలు. సరిగ్గా మన నాగార్జునసాగర్ ఇప్పటి నిల్వ అంత. పోలిక అక్కడితో ఆగదు. సాగర్ నీళ్ల కింద విజయపురి ఉన్నట్టే ఈ నీళ్ల కింద పాత సంఖ్లాబురి ఉంది.

మూడు వాగులు కలిసే సంగమం దగ్గర వెలసిన ఊరది. బర్మా నుంచి వచ్చిన మోన్ జాతివాళ్లు ఎక్కువ. వాళ్లకు పెద్ద దిక్కు లువాంగ్ ఫో ఉత్తమ అనే భిక్షువు. బర్మాలో 1910లో పుట్టి, 1949లో ఇటు వచ్చి, 2006లో పోయేదాకా వాళ్లతోనే ఉన్నారు. నీళ్లు వస్తున్నాయని తెలిసి ఊరిని గట్టు మీదికి తరలించారు. కొత్త గుడి కట్టించారు, బుద్ధగయ ఆలయాన్ని పోలిన స్తూపం లేపారు. మోన్ల గూడేన్ని అవతలి ఒడ్డుతో కలుపుతూ చెక్క వంతెన వేయించారు. దేశంలో అంత పొడవైన చెక్క వంతెన మరొకటి లేదు. ఎండాకాలం నీళ్లు తగ్గితే పాత గుడి గోడలు బయటపడతాయి. పడవ దిగి లోపలికి నడిచి వెళ్తారు.

తెల్లవారుజామున ఆ వంతెన మీద నిలబడాలి. నీటి మీద మంచు తెర. బుగ్గలకు థనాకా చెట్టు గంధం పూసుకున్న ఆడవాళ్లు నెత్తిన గిన్నెల దొంతరలతో నడిచి వస్తుంటారు. భిక్షువుల వరస వస్తే చెప్పులు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని అన్నం వేస్తారు. 2013 జూలైలో వరదకు కొట్టుకొచ్చిన దుంగలు తగిలి వంతెన నడుం విరిగింది. ఊరివాళ్లు రోజుల వ్యవధిలో వెదురు తెప్పలు కట్టి తాత్కాలిక దారి వేసుకున్నారు. పాత వంతెన మళ్లీ లేచింది.

మోన్లను బర్మావాళ్లు పూర్వం ‘తలైంగ్’ అనేవారు. ఆ మాట ‘తెలింగ’ నుంచే పుట్టిందని, మన తీరం నుంచి వెళ్లిన ఓడల జ్ఞాపకమని 19వ శతాబ్దపు చరిత్రకారులు కొందరు వాదించారు. ఆ వాదన ఇంకా తెగలేదు. మోన్లు మాత్రం దాన్ని తిట్టుగా తీసుకుంటారు, మేం మోన్లం అంటారు. ఎవరో పెట్టిన పేరుతో బతకడం ఎవరికి ఇష్టం?

వాకిలి మూయలేదు

యుద్ధం అయ్యాక సరిహద్దు దగ్గరి పట్టాలు పీకేశారు. థాయ్ భాగంలో మిగిలింది నోంగ్ ప్లాదుక్ నుంచి నామ్ తోక్ దాకా 130 కిలోమీటర్లు. థామ్ క్రాసే దగ్గర ఒక పక్క కొండ, ఒక పక్క నది, మధ్యన దుంగల మీద నిలిచిన వంతెన. అక్కడ రైలు దాదాపు పాకుతుంది. చెక్కలు కిర్రుమనే చప్పుడు పెట్టెలోకి వినిపిస్తుంది. బడి పిల్లలు, మార్కెట్ బుట్టలతో అవ్వలు ఆ రైల్లోనే ఇళ్లకు పోతుంటారు. వాళ్లకది మామూలు బండి.

పాత సేనల దారిలో ఇప్పుడు వేరేవాళ్లు వస్తున్నారు. బర్మాలో కరెన్ల మీద, మోన్ల మీద దాడులు జరిగినప్పుడల్లా కొండలు దాటి సంఖ్లాబురికి చేరతారు. 2021 సైనిక కుట్ర తర్వాత మళ్లీ వచ్చారు. పుట్టింది ఇక్కడే అయినా ఏ దేశపు పౌరసత్వమూ లేనివాళ్లు ఆ కొండల్లో చాలామంది. ఎగువన ఈటోంగ్ అనే పాత గనుల ఊరి దగ్గర 1990ల చివర వేసిన గొట్టం గుండా మయన్మార్ సహజ వాయువు మాత్రం ఏ కాగితమూ అడక్కుండా లోపలికి వస్తోంది.

ఏటా నవంబర్ చివర్లో వంతెన దగ్గర ఉత్సవం చేస్తారు. రంగు దీపాలు, ఉత్తుత్తి బాంబులు, పాత ఇంజిను కూత. అది చూడ్డానికి వేలమంది వస్తారు. తప్పేమీ లేదు. సినిమా చూసి వచ్చినవాళ్లను నిరాశపరచకూడదని ఈ ఊరు నది పేరే మార్చుకుంది. సినిమా చూపిస్తామంటే వచ్చిన తోట కూలీలు ఆ నది ఒడ్డునే మట్టిలో కలిశారు. వంతెన చూసుకుని తిరిగి వచ్చేటప్పుడు వాట్ థావోర్న్ ఆవరణలో ఒక్క నిమిషం ఆగితే బాగుంటుంది. ఆ స్తూపం మీద చదవడానికి పేర్లు లేవు. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన అప్పన్నలో, సూరమ్మలో అక్కడ ఉండే ఉంటారు.